మ్యాడెన్‌లో రూకీ పొజిషన్ మార్చాలా? ఆ ‘ప్లస్ ఐదు’ చూసి తొందరపడకండి

పోయిన నెల ఒక ఆదివారం రాత్రి. మా లీగ్ డెడ్‌లైన్ 11 గంటలకి. టైమ్ అప్పటికే తొమ్మిదిన్నర దాటింది. టీవీలో నా రూకీ బొమ్మ, పక్కన పొజిషన్ మార్చే మెనూ. స్ట్రాంగ్ సేఫ్టీగా వాడి ఓవరాల్ 73. కర్సర్ ‘లైన్‌బ్యాకర్’ మీదకి తీసుకెళ్తే 78 అని చూపిస్తోంది. ఒక్క బటన్ నొక్కితే ఐదు పాయింట్లు ఫ్రీగా వచ్చేస్తాయి. చేతిలో కంట్రోలర్ పట్టుకుని గంటసేపు అలాగే కూర్చున్నా. మా ఆవిడ వచ్చి చూసి, "గేమ్ హ్యాంగ్ అయిందా?" అని కూడా అడిగింది.

గేమ్ హ్యాంగ్ అవ్వలేదు, నేనే అయ్యా.

మ్యాడెన్ ఎన్ఎఫ్ఎల్‌లో ఫ్రాంచైజ్ మోడ్ ఆడే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. కొత్తగా డ్రాఫ్ట్ చేసిన కుర్రాణ్ణి వాడి పొజిషన్‌లోనే ఉంచాలా, మార్చాలా? చాలామంది ఓవరాల్ ఎక్కడ ఎక్కువ కనిపిస్తే అక్కడికి మార్చేసి ముందుకెళ్ళిపోతారు. నేనూ అలాగే చేసేవాణ్ణి. నా అభిప్రాయంలో అది తప్పు. ఎందుకో చెప్తా.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మెస్సీ ఆడేది కాదు, అమెరికా వాళ్ళది. భుజాలకి ప్యాడ్లు, తలకి హెల్మెట్ పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆట. ఒక్కో వైపు 11 మంది. దాడి చేసే టీమ్ వేరు, అడ్డుకునే టీమ్ వేరు, ఒక్కో పొజిషన్‌కి ఒక్కో పని. నేను దీనికి అలవాటు పడింది డాలస్ దగ్గర ఎంఎస్ చేస్తున్న రోజుల్లో. వీకెండ్ వస్తే ఏడుగురు రూమ్మేట్లం, ఒక బిర్యానీ ట్రే, ఒక ప్లేస్టేషన్. ఇప్పుడు నేను హైదరాబాద్‌లో, మిగతావాళ్ళలో కొందరు టెక్సాస్‌లో, ఒకడు న్యూజెర్సీలో, ఇద్దరు బెంగళూరులో. అయినా లీగ్ మాత్రం ఆగలేదు. అమెరికా, ఇండియా మధ్య పింగ్ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకే ఎక్కువ మ్యాచ్‌లు కంప్యూటర్ మీద ఆడతాం, ప్లేఆఫ్స్ మాత్రం ఒకళ్ళ మీద ఒకళ్ళం.

మా లీగ్‌కి ఒక సొంత రూల్ ఉంది. సీజన్‌కి టీమ్‌కి ఒక్క పొజిషన్ మార్పే. ఒకసారి మారిస్తే వచ్చే ప్రీసీజన్ దాకా వెనక్కి తిప్పడానికి లేదు. ఈ రూల్ పెట్టింది మా కమిషనర్ అన్న. అతను రూమ్‌లో అందరికన్నా సీనియర్, మాట కూడా అలాగే చెల్లుతుంది.

ఇక మన కుర్రాడు. మొదటి సీజన్ దాటాక డ్రాఫ్ట్‌లో వచ్చేవాళ్ళంతా గేమ్ పుట్టించిన ఆటగాళ్ళే. పేరెందుకు, జెర్సీ నంబర్‌తో ‘33’ అని పిలుస్తా. రెండో రౌండ్‌లో తీసుకున్నా. 6 అడుగుల 2 అంగుళాలు, 218 పౌండ్లు, అంటే దాదాపు 99 కిలోలు. సేఫ్టీ అంటే డిఫెన్స్‌లో అందరికన్నా వెనక నిలబడి, ముందున్నవాళ్ళని దాటి వచ్చినదాన్ని ఆపేవాడు. లైన్‌బ్యాకర్ అంటే మధ్యలో నిలబడి, బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి గుద్ది పడేసేవాడు. సేఫ్టీకి 33 కొంచెం బరువెక్కువ, లైన్‌బ్యాకర్‌కి కొంచెం తక్కువ. ఇలా అటూ ఇటూ కాకుండా మధ్యలో ఉండేవాణ్ణి అక్కడ ‘ట్వీనర్’ అంటారు.

వాడి రేటింగ్స్ ఇవీ: స్పీడ్ 91, హిట్ పవర్ 87, పర్స్యూట్ 82, ట్యాకిల్ 80. ఇక్కడిదాకా అదరగొట్టాడు. కానీ జోన్ కవరేజ్ 66, మ్యాన్ కవరేజ్ 58, ప్లే రికగ్నిషన్ 64, బ్లాక్ షెడింగ్ 59. పరిగెత్తగలడు, గుద్దగలడు. ఎక్కడికి పరిగెత్తాలో, ఎవణ్ణి గుద్దాలో మాత్రం ఇంకా తెలియదు. అచ్చం ఫ్రెషర్.

ఆ ఐదు పాయింట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

బటన్ నొక్కిన క్షణంలో 33 స్పీడ్ ఏమీ పెరగదు. ట్యాక్లింగ్ మారదు. కవరేజ్ 66 అలాగే ఉంటుంది. వాడిలో ఒక్క రేటింగ్ కూడా కదలదు. మారేది కొలిచే పద్ధతి మాత్రమే.

మ్యాడెన్‌లో ఓవరాల్ అంటే అన్ని రేటింగ్స్‌కి సగటు కాదు. ఒక్కో పొజిషన్‌కి ఒక్కో లెక్క ఉంటుంది. సేఫ్టీ లెక్కలో కవరేజ్‌కి బరువెక్కువ, లైన్‌బ్యాకర్ లెక్కలో ట్యాక్లింగ్, పర్స్యూట్ లాంటివాటికి ఎక్కువ. అదే మనిషిని వేరే త్రాసులో పెడితే వేరే నంబర్ వస్తుంది, అంతే. మ్యాథ్స్‌లో 60, బయాలజీలో 90 వచ్చిన పిల్లాడి మార్కుల షీట్‌ని ఎంపీసీ కాలేజీలో చూపిస్తే ఒకలా, బైపీసీ కాలేజీలో చూపిస్తే ఇంకోలా కనిపించదూ? ఇదీ అలాంటిదే.

మరి మ్యాచ్‌లో ఏం జరుగుతుంది? లైన్‌బ్యాకర్‌గా 78 అని రాసి ఉన్నా, వాడి మీదకి 310 పౌండ్ల గార్డ్ వచ్చి పడినప్పుడు పనికొచ్చేది బ్లాక్ షెడింగ్. అది 59. అంటే గార్డ్ పట్టుకుంటే వాడు గోడకి అతికించిన పోస్టరే. మ్యాచ్‌లని ఆడకుండా సిమ్ చేసేవాళ్ళకి ఓవరాల్ పెరిగితే ఫలితం కనిపిస్తుంది, నా అనుభవంలో కూడా అంతే. కానీ మీరే కంట్రోలర్ పట్టుకుని ఆడుతుంటే, ఆడేది ఆ నంబర్ కాదు, దాని కింద ఉన్న రేటింగ్స్.

అసలు మారేది ఎదుగుదల

ఇక్కడే చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. నేనూ పట్టించుకోలేదు.

ఫ్రాంచైజ్‌లో ఆటగాడికి ఎక్స్‌పీ పోగైతే స్కిల్ పాయింట్ వస్తుంది. ఆ పాయింట్‌ని ఏదో ఒక ఆర్కిటైప్ మీద ఖర్చు పెట్టాలి. సేఫ్టీకైతే జోన్, హైబ్రిడ్, రన్ సపోర్ట్. కార్నర్‌కైతే మ్యాన్ టు మ్యాన్, స్లాట్, జోన్. మిడిల్ లైన్‌బ్యాకర్‌కైతే ఫీల్డ్ జనరల్, పాస్ కవరేజ్, రన్ స్టాపర్. అంటే పొజిషన్ మార్చినప్పుడు ఈ వారం నంబర్ ఒక్కటే మారదు, రాబోయే నాలుగేళ్ళు వాడు ఏ దారిలో పెరుగుతాడన్నది కూడా మారుతుంది.

దీనికి నేను కట్టిన ఫీజు చెప్తా. రెండు సీజన్ల క్రితం ఒక రూకీ కార్నర్‌ని ఫ్రీ సేఫ్టీకి మార్చా. ఓవరాల్ 72 నుంచి 77కి ఎగిరింది. ఆ రోజు గ్రూప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టి మరీ ఎగిరా. రెండేళ్ళు వాడి పాయింట్లన్నీ జోన్ వైపే వెళ్ళాయి. మూడో ఏడు నా కార్నర్లిద్దరూ దెబ్బలు తగిలి కూర్చున్నారు. సరే, వీణ్ణి వెనక్కి తీసుకొద్దాం అని చూస్తే మ్యాన్ కవరేజ్ 71 దగ్గరే ఆగిపోయి ఉంది. రూకీగా వచ్చినప్పుడు ఎంతుందో దాదాపు అంతే. చివరికి ఫ్రీ ఏజెన్సీలో ముసలి కార్నర్‌ని ఎక్కువ డబ్బు పెట్టి తెచ్చుకున్నా. ఆ సీజన్ ఎలా ముగిసిందో అడగొద్దు.

ఇంకోటి. రూకీ డెవలప్‌మెంట్ ట్రెయిట్ మొదట్లో కనబడదు. దాగి ఉన్న ఆ ట్రెయిట్ ఏదన్నది కొన్ని వందల స్నాప్‌లు ఆడాకగానీ బయటపడదు. వాడు ఎంత వేగంగా నేర్చుకుంటాడో తెలియకముందే వాడు ఏం నేర్చుకోవాలో మార్చేస్తున్నామన్నమాట. రేటింగ్స్‌లో 66 ఉన్న జోన్ కవరేజ్ నార్మల్ కుర్రాడిలో ఉంటే అది లోపం. సూపర్‌స్టార్ కుర్రాడిలో ఉంటే అది రెండేళ్ళలో నిండిపోయే ఖాళీ. ఏదో తెలియనప్పుడు బటన్ ఎందుకు నొక్కాలి?

గ్రౌండ్‌లో నిజంగా ఏం జరిగింది?

పొజిషన్ మార్పు అంటేనే తప్పు అని నేననట్లేదు. ఎన్ఎఫ్ఎల్‌లో దానికి బ్రహ్మాండమైన ఉదాహరణలున్నాయి. మైకా పార్సన్స్‌ని 2021 డ్రాఫ్ట్‌లో డాలస్ కౌబాయ్స్ 12వ పిక్‌తో లైన్‌బ్యాకర్‌గా తీసుకుంది. సీజన్ మొదట్లోనే డిఫెన్సివ్ ఎండ్ డిమార్కస్ లారెన్స్‌కి గాయం అవడంతో, ఇతన్ని అంచున నిలబెట్టి క్వార్టర్‌బ్యాక్ మీదకి వదిలారు. రూకీ సీజన్‌లోనే 13 శాక్‌లు, డిఫెన్సివ్ రూకీ ఆఫ్ ది ఇయర్. 2025లో గ్రీన్‌బే ప్యాకర్స్‌కి మారినప్పుడు 4 ఏళ్ళకి 188 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ దక్కింది. అంత డబ్బు మామూలు లైన్‌బ్యాకర్‌కి రాదు.

కానీ 33 లాంటి కుర్రాళ్ళ కథలు చూడాలంటే అరిజోనా కార్డినల్స్ దగ్గరకి వెళ్ళాలి. 2014లో వాళ్ళు డియోన్ బుకానన్ అనే సేఫ్టీని 27వ పిక్‌తో తీసుకుని లైన్‌బ్యాకర్‌గా ఆడించారు. నా 33 లాంటి ఒళ్ళే, ఇంకా కొంచెం తేలిక కూడా. అది బాగానే పని చేసింది. ఎంత బాగా అంటే, ఇలాంటి ఆటగాళ్ళ గురించి లీగ్ అంతా మాట్లాడుకుంది. తర్వాత 2018లో కోచ్ మారాడు, స్కీమ్ మారింది. కొత్త డిఫెన్స్‌లో బుకానన్‌కి సరిపోయే కుర్చీ లేదు. ఏడాది తిరిగేసరికి టీమ్‌లోనే లేడు.

అదే టీమ్ 2020లో ఐజాయా సిమన్స్‌ని 8వ పిక్‌తో తీసుకుంది. కాలేజీలో ఇతను సేఫ్టీ, లైన్‌బ్యాకర్, స్లాట్ కార్నర్ అన్నీ ఆడాడు. అన్నీ వచ్చినవాడికి ఒక్క చోటు దొరకలేదు. లైన్‌బ్యాకర్‌గా మొదలుపెట్టి, తర్వాత సేఫ్టీ వైపు జరిపి, 2023 ఆగస్టులో ఒక ఏడో రౌండ్ పిక్ కోసం న్యూయార్క్ జెయింట్స్‌కి ఇచ్చేశారు. ఎనిమిదో పిక్‌గా వచ్చినవాడు ఏడో రౌండ్ ధరకి వెళ్ళాడు.

మనకి బాగా తెలిసిన ఆటలో చెప్పాలంటే రోహిత్, లక్ష్మణ్. మిడిల్ ఆర్డర్‌లో ఆడుతూ వచ్చిన రోహిత్ శర్మ టెస్టుల్లో మొదటిసారి ఓపెనర్‌గా దిగింది మన వైజాగ్‌లోనే, 2019 అక్టోబర్‌లో. 176, 127. మార్పు అంటే అదీ. మరోపక్క మన వీవీఎస్. కెరీర్ మొదట్లో ఓపెనింగ్‌కి పంపారు. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గానే 167 కొట్టాడు. ఆ నంబర్ ఒక్కటే చూస్తే ‘ఇతను ఓపెనరే’ అని ఎవరైనా అంటారు. అతను మాత్రం ఇక ఓపెనింగ్ చేయనని తేల్చి చెప్పి, డొమెస్టిక్‌లో ఆడుకుని మిడిల్ ఆర్డర్‌కి తిరిగొచ్చాడు. 2001లో ఈడెన్‌లో ఏం జరిగిందో మీకు తెలుసు. 167 అనే నంబర్ అబద్ధం కాదు. కానీ అది చెప్పని విషయం ఒకటుంది.

పేరు మారితే జీతం కూడా మారుతుంది

పొజిషన్ అంటే స్క్రీన్ మీద రెండు మూడు అక్షరాలే కదా అనుకోకండి. న్యూ ఓర్లీన్స్ సెయింట్స్‌లో జిమ్మీ గ్రాహమ్ అని టైట్ ఎండ్ ఉండేవాడు. 2014లో టీమ్ అతని మీద ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసింది. ట్యాగ్ అంటే ఒక ఏడాదికి పొజిషన్‌ని బట్టి ఫిక్స్ అయ్యే జీతం. టైట్ ఎండ్‌కైతే దాదాపు 7 మిలియన్ డాలర్లు, వైడ్ రిసీవర్‌కైతే దాదాపు 12 మిలియన్లు. ‘నేను ఎక్కువసార్లు రిసీవర్‌లాగే నిలబడుతున్నా, నన్ను రిసీవర్‌గా లెక్కేయండి’ అని గ్రాహమ్ వాదించాడు. ఆర్బిట్రేటర్ ఒప్పుకోలేదు. టైట్ ఎండే అన్నాడు. ఆడిన ఆట అదే, పట్టిన బంతులు అవే. పేరు పక్కన అక్షరాల వల్ల 5 మిలియన్ డాలర్ల తేడా. తర్వాత టీమ్‌తో 4 ఏళ్ళకి 40 మిలియన్ల ఒప్పందం చేసుకున్నాడనుకోండి.

మ్యాడెన్‌లో కూడా కాంట్రాక్ట్ అడిగేటప్పుడు, ట్రేడ్ చేసేటప్పుడు పొజిషన్ లెక్కలోకి వస్తుంది. మీకు చవగ్గా రావచ్చు, లేదా ఖరీదు పెరగొచ్చు. ఏదైనా మీరు ఆ రోజు చూసిన ‘ప్లస్ ఐదు’లో అది కనబడదు.

ఇదంతా నేను ఇంత పట్టించుకోవడానికి ఒక సొంత కారణం కూడా ఉంది. నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌కి వచ్చినవాణ్ణి. అంటే మన దగ్గర లక్షలమందిలాగే నేనూ పొజిషన్ మార్చుకున్న రూకీనే. ఆ మార్పు నేను కోరుకుని చేసుకున్నా, ఇప్పటికీ బాధ లేదు. బాధంతా దాని తర్వాత జరిగినదానికి. మొదటి ఉద్యోగంలో మూడు నెలలు జావా ట్రైనింగ్ ఇచ్చి, నైట్ షిఫ్ట్ సపోర్ట్‌లో వేశారు. "నీకు కమ్యూనికేషన్ బాగుంది, అక్కడైతే త్వరగా పైకొస్తావ్" అన్నారు. అబద్ధం కాదు. మొదటి ఏడాది నాకు మంచి రేటింగే వచ్చింది. కోడింగ్‌లో 73గా ఉండాల్సినవాణ్ణి సపోర్ట్‌లో 78 అయ్యా.

రెండేళ్ళ తర్వాత డెవలపర్ ఉద్యోగాలకి ఇంటర్వ్యూలకి వెళ్తే అందరిదీ ఒకటే మాట: "మీది సపోర్ట్ ప్రొఫైల్ కదా." నా పాయింట్లన్నీ రెండేళ్ళు వేరే ఆర్కిటైప్‌లోకి వెళ్ళిపోయాయి మరి. అప్పులు చేసి ఎంఎస్‌కి వెళ్ళింది చాలావరకు ఆ లేబుల్ చెరిపేసుకోవడానికే. నన్ను అక్కడ వేసినాయన చెడ్డవాడు కాదు. ఆయనకి సపోర్ట్‌లో ఒక సీటు ఖాళీగా ఉంది, నా నంబర్ అక్కడ బాగా కనబడింది. బటన్ నొక్కాడు.

33 ముందు గంటసేపు కూర్చున్నది అందుకే. నా టీమ్‌లో కూడా లైన్‌బ్యాకర్ సీటు ఒకటి ఖాళీగా ఉంది.

మరి ఎప్పుడు మార్చొచ్చు?

ఇన్ని సీజన్లు చేతులు కాల్చుకున్నాక నేను పెట్టుకున్న లెక్క ఇది. మీకూ పనికొస్తుంది.

ఒకటి, కొత్త పొజిషన్‌లో ఆర్కిటైప్‌లు పాతవాటిలాంటివేనా చూడండి. లెఫ్ట్ ట్యాకిల్‌ని గార్డ్‌కి మార్చితే రెండిట్లోనూ పాస్ ప్రొటెక్టర్, పవర్, ఎజైల్ అనే దారులే. ఎదుగుదలకి నష్టం లేదు, ధైర్యంగా మార్చేయండి. జాక్ మార్టిన్ కాలేజీలో ట్యాకిల్. 2014లో కౌబాయ్స్ 16వ పిక్‌తో తీసుకుని గార్డ్‌గా పెడితే రూకీ ఏడాదే ఆల్-ప్రో అయ్యాడు. ఫ్రీ సేఫ్టీ, స్ట్రాంగ్ సేఫ్టీ మధ్య కూడా ఇంతే. మీ డిఫెన్స్ 4-3 నుంచి 3-4కి మారితే ఎండ్‌ని అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్‌గా మార్చడం కూడా ఇంతే, స్పీడ్ రషర్, పవర్ రషర్ రెండు చోట్లా ఉంటాయి. కార్నర్ నుంచి సేఫ్టీ, సేఫ్టీ నుంచి లైన్‌బ్యాకర్ అయితే మాత్రం కొంచెం ఆగండి. అది ఇల్లు మారడం కాదు, ఊరు మారడం.

రెండు, మీ స్కీమ్ ఎన్నాళ్ళుంటుందో ఆలోచించండి. వచ్చే ఏడాది కోఆర్డినేటర్‌ని మార్చే ఉద్దేశం ఉంటే, ఈ ఏడాది స్కీమ్ కోసం కుర్రాణ్ణి మార్చొద్దు. బుకానన్ కథ గుర్తుంచుకోండి.

మూడు, మార్చకుండానే ఆ పని చేయించుకునే దారి ఉందేమో చూడండి. నా సమాధానం చివరికి ఇక్కడే దొరికింది. డెప్త్ చార్ట్‌లో అడుగున ‘సబ్ లైన్‌బ్యాకర్’ అని ఒక స్లాట్ ఉంటుంది. నికెల్, డైమ్ ఫార్మేషన్లలో మధ్యలో ఎవరు నిలబడాలో అక్కడ పెట్టొచ్చు. అందులో సేఫ్టీని కూడా పెట్టుకోవచ్చు. పొజిషన్ ‘స్ట్రాంగ్ సేఫ్టీ’గానే ఉంటుంది, పాయింట్లు సేఫ్టీ దారిలోనే వెళ్తాయి, పాస్ వచ్చే డౌన్లలో మాత్రం లైన్‌బ్యాకర్ చోట నిలబడతాడు. ఈ రోజుల్లో ఎన్ఎఫ్ఎల్ టీమ్‌లు సగానికి పైగా స్నాప్‌లు నికెల్ లాంటి ఫార్మేషన్లలోనే ఆడుతున్నాయి. అంటే ఇది ఏదో మూలన పడేయడం కాదు, నిజమైన పని. ముగ్గురు సేఫ్టీలతో ఆడే ‘బిగ్ నికెల్’ కూడా ఉంది.

నాలుగు, వాడి ట్రెయిట్ బయటపడేదాకా ఆగగలిగితే ఆగండి. ఒక సీజన్ పోయినా ఫర్వాలేదు.

గేమ్ తయారు చేసేవాళ్ళకి కూడా ఒక మాట. పొజిషన్ మార్చే మెనూలో కొత్త ఓవరాల్ ఒక్కటే చూపిస్తే చాలదు. ఏ ఆర్కిటైప్‌లు పోతున్నాయి, ఏవి వస్తున్నాయి, కొత్త చోట వాడికి అన్నిటికన్నా తక్కువ ఉన్న రేటింగ్ ఏది అని అదే స్క్రీన్ మీద చూపిస్తే బాగుంటుంది. ఇంకో అడుగు వేసి రెండు పొజిషన్లలో కొంచెం కొంచెంగా ట్రైనింగ్ ఇచ్చే పద్ధతి పెడితే ఇంకా బాగుంటుంది. 2025 డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌గా జాక్సన్‌విల్‌కి వెళ్ళిన ట్రావిస్ హంటర్ రిసీవర్‌గా, కార్నర్‌గా రెండూ ఆడుతున్న రోజులివి.

ఆ రాత్రి సంగతి

పదీ ముప్పావుకి గ్రూప్ కాల్ పెట్టా. న్యూజెర్సీ వాడు, "మామా, నొక్కెయ్ రా, ఐదు పాయింట్లు ఎవడు వదులుకుంటాడు!" అన్నాడు. బెంగళూరు వాడు, "రేయ్, పోయినసారి కార్నర్ సంగతి మర్చిపోయావా? ఇంకో స్క్రీన్‌షాట్ చూసే ఓపిక మాకు లేదు" అన్నాడు. కమిషనర్ అన్న మాత్రం ఒకటే అడిగాడు. "వాడికి మంచిదని మారుస్తున్నావా, నీకు అక్కడ ఖాళీ ఉందని మారుస్తున్నావా?"

మెనూ మూసేసి, డెప్త్ చార్ట్‌కి వెళ్ళి వాణ్ణి సబ్ లైన్‌బ్యాకర్ స్లాట్‌లో పెట్టా. లైన్‌బ్యాకర్ ఖాళీకి ఆరో రౌండ్ పిక్ ఇచ్చి ఒక 74 ఓవరాల్ వెటరన్‌ని తెచ్చుకున్నా.

ఇప్పటికి ఆరు మ్యాచ్‌లు అయ్యాయి. అంతా బ్రహ్మాండం అని చెప్పను. మూడో మ్యాచ్‌లో ఒక టైట్ ఎండ్ 33ని పిచ్చోణ్ణి చేసి 40 గజాల టచ్‌డౌన్ కొట్టాడు, గ్రూప్‌లో ఆ క్లిప్ ఇంకా తిరుగుతోంది. ఆ వెటరన్ ఏమో చెట్టులా నిలబడుతున్నాడు. కానీ ఐదో మ్యాచ్‌లో 33 మధ్యలోంచి దూసుకెళ్ళి గుద్దిన గుద్దుకి బంతి జారింది, మ్యాచ్ మా చేతికొచ్చింది. ఒక స్కిల్ పాయింట్ వస్తే జోన్‌లో వేశా. 66 కాస్తా 68 అయింది. ట్రెయిట్ ఇంకా బయటపడలేదు.

అది అంత గొప్పది కాదని తేలితే వచ్చే ప్రీసీజన్‌లో ఇదే మెనూ మళ్ళీ ఓపెన్ చేస్తా. అప్పుడు మార్చినా మార్చొచ్చు. కనీసం అప్పటికి వాడెవడో తెలిసి ఉంటుంది.

మీ ఫ్రాంచైజ్‌లో ఇలా పొజిషన్ మార్చి బాగుపడ్డ రూకీ, లేదా మార్చి చెడగొట్టుకున్న రూకీ ఉంటే కింద చెప్పండి. చెడగొట్టుకున్న కథలకి ముందు రిప్లై ఇస్తా.